పైరుపురుగులకు సహజ శత్రువులు: సంఘము చేయదగిన పని

వానాకాలపు పైరు మోకాలెత్తు పెరుగుసరికి సంఘ కార్యాలయమునకు వచ్చు రైతులు అడుగు ప్రశ్న ఒక్కటే: "ఈసారి ఏ మందు కొట్టవలెను?" దీనికి జవాబు చెప్పుటకు ముందు నేనొక ఎదురుప్రశ్న వేయుచుందును: "మీ చేనిలో ఇప్పుడు ఏయే పురుగులున్నవి?" పదిమందిలో తొమ్మిదిమంది "పురుగు పట్టినది" అని మాత్రము చెప్పుదురు. ఆ పురుగు ఏది, చెట్టునకు ఎన్ని కలవు, దానిని తినుచు అదే ఆకుమీద తిరుగుచున్న పురుగులు ఏవి యన్నది చూచివచ్చినవారు అరుదు. ఇందులో నేనును తప్పు చేసినవాడనే. చిన్ననాడు మా చిక్కుడు పందిరిమీద నల్లగా, మొసలిపిల్లవలె, వీపున నారింజ మచ్చలతో ప్రాకుచున్న పురుగులను చూచి, ఇవియే తీగను పీల్చివేయుచున్నవని తలచి, ఒక ఉదయమంతయు కూర్చుండి వానిని ఏరి నలిపివేసితిని. అవి అక్షింతల పురుగు పిల్లలని, ఒక్కొక్కటి పేనుబంకను వందలకొలది తినిపెట్టునని చాలకాలమునకుగాని తెలియలేదు. ఆ యేడు పందిరి పేనుబంకతో మాడిపోయినది.

ఈ వ్యాసమున చెప్పదలచినది పైరునకు హాని చేయు పురుగులను తినియో, వాని దేహములలో పెరిగియో వానిని చంపు ప్రాణులనుగూర్చి. వీనిని మన రైతులు మిత్రపురుగులని పిలుచుచున్నారు. ఇందు క్రొత్తదనమేమియు లేదు. చేను ఉన్ననాటినుండి ఇవియు ఉన్నవి. అయితే వీనిచేత పని చేయించుకొనుట ఒక్క రైతువలన కాదనియు, సంఘముగా ఏర్పడిన రైతులకే చేతనగుననియు నా అభిప్రాయము. దానికి కారణములు ముందు వచ్చును.

చాంద్రాయణగుట్ట ఒకప్పుడు ఊరిబయటి గుట్ట. నేడు నగరములో కలిసిపోయినది. అయినను ఇక్కడినుండి దక్షిణముగా మహేశ్వరము, కందుకూరు వైపునను, పడమరగా శంషాబాదు వైపునను పోయినచో టమాట, వంగ, గోబి, ఆకుకూరలు పండించు చేలు కనబడును. ప్రక్కనున్న బార్కసు పేరు చెప్పగానే నగరవాసులకు జామపండు గుర్తుకు వచ్చును. ఈ పంటలన్నియు కోసిన నాడో మరునాడో తినువాని యింటికి చేరునట్టివి. ఆకుకూరమీద చల్లిన మందునకు విరిగి నశించుటకు వ్యవధి యుండదు. కనుక ఈ విషయము మన ప్రాంతపు రైతునకు ఆదాయవ్యయముల లెక్క మాత్రమే గాదు, తినువాని ఆరోగ్యమును గూడ తాకుచున్నది.

మందు ఎట్లు ఓడెను?

రసాయనిక మందులు మొదట వచ్చినప్పుడు అద్భుతముగనే పనిచేసినవి. దానిని కాదనుట న్యాయము కాదు. కాని 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిచేలలో జరిగినదానిని వృద్ధులు మరచియుండరు. శనగపచ్చ పురుగు విరుచుకొనిపడినది. రైతులు వారమునకు ఒకటికి రెండుసార్లు మందు కొట్టిరి; ఒకదానితో ఒకటి కలిపి కొట్టిరి; పురుగు మాత్రము చావలేదు. సింథెటిక్ పైరిథ్రాయిడ్లు అను మందులకు ఆ పురుగు తట్టుకొను శక్తి సంపాదించినదని పరీక్షలలో తేలినది. పది సంవత్సరముల తరువాత, 1997-98లో, వరంగల్లు జిల్లా ప్రత్తి రైతుల గతి అంతకన్న దారుణమైనది. మందు అప్పుగా తెచ్చినది దుకాణదారునివద్దనే, పంట అమ్మవలసినది వానికే. పంట పోయినది, అప్పు మిగిలినది. తమ చేలమీద చల్లవలసిన మందునే త్రాగి ప్రాణములు తీసికొన్నవారు పెక్కురు.

మందు ఎట్లు ఓడినదో గ్రహించినచో మిత్రపురుగుల విలువ దానంతట అదే తెలియును. చేనిలో మందు పడినప్పుడు నూటికి తొంబది పురుగులు చచ్చి, కొన్ని మిగులుననుకొందము. మిగిలినవి ఆ మందునకు లొంగని జాతివి. వాని సంతానమును లొంగదు. ఇది ఒక విధము. రెండవది ఇంతకన్న గూఢమైనది. వరిచేనిలో సుడిదోమను తినునవి సాలెపురుగులు. దాని గ్రుడ్లను పీల్చునది మిరిడ్ నల్లి యను చిన్న పచ్చని నల్లి. ఇవి దుబ్బులపైని, నీటిపైని తిరుగుచుండును గనుక పైనుండి పడిన మందు మొదట తగులునది వీనికి. సుడిదోమయో, దుబ్బు అడుగున దాగియుండును. దాని గ్రుడ్లు ఆకుతొడిమ కండలో పొదిగియుండును. ఒక వారము గడచుసరికి గ్రుడ్లనుండి పిల్లలు వెలువడును, వానిని తినువారెవరును లేరు. మందు కొట్టక పూర్వముకంటె కొట్టిన తరువాత దోమ హెచ్చగుట ఇందువలననే. పొలము గుండ్రముగా సుడి తిరిగినట్లు మాడిపోయిన తరువాత "మందు కల్తీది" యని దుకాణముమీదికి పోయిన రైతులను ఎఱుగుదును. కొన్నిమార్లు మందు కల్తీదే కావచ్చును. ఎక్కువమార్లు మాత్రము మందు మంచిదే, అది చంపినది మన కావలివానిని.

కావలివారితో పరిచయము

పొలమునకు పోయినప్పుడు ఒక అరగంట గట్టుమీద గాక చేనిలో, చెట్లనడుమ కూర్చుండి చూడవలెను. ఎఱ్ఱని గుండ్రని వీపున నల్లని చుక్కలుగల అక్షింతల పురుగును పిల్లలందరును ఎఱుగుదురు. దాని పిల్లపురుగును ఎఱిగినవారు తక్కువ, నా కథ ముందే చెప్పితిని. ఆకు అడుగున వెండ్రుకవంటి సన్నని కాడ చివర ఆవగింజకన్న చిన్న గ్రుడ్డు నిలిచియున్న యెడల అది అల్లిక రెక్కల పురుగుది. దాని పిల్ల పేనుబంకను, తెల్లదోమను, చిన్న గ్రుడ్లను పీల్చివేయును. గోబి ఆకుమీదనో ప్రత్తి ఆకుమీదనో సొమ్మసిల్లినట్లు పడియున్న గొంగళి పురుగు ప్రక్కన అన్నపు మెతుకులవంటి తెల్లని గూళ్లు కనబడినచో, అవి దాని గ్రుడ్లని తలచి నలిపివేయరాదు. గొంగళి పురుగు గ్రుడ్లు పెట్టదు; గ్రుడ్లు పెట్టునది రెక్కలు వచ్చిన సీతాకోకచిలుక. ఆ తెల్లని గూళ్లు దాని కడుపులో పెరిగి బయటకు వచ్చిన చిన్న కందిరీగ జాతివి. అందులోనుండి వెలువడు ఈగలు మరునాడు ఇంకొక గొంగళిని వెదకికొనును.

ముందుకాళ్లు జోడించి ప్రార్థన చేయుచున్నట్లు నిలుచు గొల్లభామ, నీటిపై ఎగురు తూనీగ, పశువుల వీపులపై స్వారిచేయు నల్లని ఏట్రింత, దసరానాడు దర్శనమునకు ఎదురుచూచు పాలపిట్ట, ఇవియన్నియు ఈ కొలువులోనివే. చేనిలో ఆంగ్ల 'టీ' అక్షరమువలె కట్టిన కఱ్ఱలు ఎకరమునకు పది పదునైదు నాటినచో పక్షులు వానిమీద వ్రాలి పురుగులనేరును. ఇందుకు ఖర్చేమియు లేదు. అయితే కంకి పాలుపోసికొను జొన్నచేనిలో మాత్రము ఆ కఱ్ఱలను తీసివేయవలెను. అప్పుడు పక్షి పురుగును విడిచి గింజకు వచ్చును.

పురుగులకు రోగములును కలవు. శనగపచ్చ పురుగునకు వచ్చు వైరసు రోగమును మన రైతులు చాలమంది చూచియేయుందురు. రోగము తగిలిన పురుగు మొక్క చివరకు ప్రాకి, తలక్రిందుగా వ్రేలాడి, ముట్టుకొనగానే పగిలి ద్రవము కారును. ఆ ద్రవమే దాని తోడి పురుగులకు విషము. మనుష్యులకు, పశువులకు, అక్షింతల పురుగునకు అది ఏమియు చేయదు. ఈ వైరసును పెంచి సీసాలలో అమ్ముచున్నారు. హెక్టారునకు 250 పురుగుల యెత్తు, అనగా ఎకరమునకు 100 యెత్తు, నీటిలో కొంచెము బెల్లము కలిపి సాయంకాలము చల్లవలెను. పగటిపూట చల్లినచో ఎండకు వైరసు చచ్చును. పురుగు చిన్నదిగా నున్నప్పుడే ఇది పనిచేయును. వ్రేలంత లావెక్కిన పురుగు రోగము తగిలియు చచ్చులోపల కాయలన్నియు తొలిచిపెట్టును.

వీనిలో ఎక్కువగా చెప్పవలసినది ట్రైకోగ్రామా అను బుల్లి ఈగనుగూర్చి. దాని పొడవు అర మిల్లీమీటరు మాత్రము. కంటికి ధూళికణమువలె కనబడును. అది పురుగును ముట్టదు, పురుగు గ్రుడ్డునే వెదకి, అందులో తన గ్రుడ్డును ఉంచును. హానిచేయు పురుగు బయటకు రాకమునుపే, గ్రుడ్డులోనే, అంతమగును. ఆకు కొఱుకుట యన్నమాటయే లేదు. మూడు నాలుగు దినములలో ఆ గ్రుడ్డు నల్లబడును. ఎనిమిది పది దినములకు అందులోనుండి పురుగునకు బదులు మరియొక ఈగ వచ్చును. బియ్యములో పుట్టు కోర్సైరా యను రెక్కల పురుగు గ్రుడ్లను ఒక అట్టముక్కమీద అతికించి, వానిపై ఈ ఈగలను పెంచుదురు. ఒక అట్టమీద సుమారు 20,000 గ్రుడ్లుండును. దీనినే ట్రైకోకార్డు అందురు. వరిలో కాండము తొలుచు పురుగునకు ట్రైకోగ్రామా జపానికమ్ అను జాతిని, ప్రత్తి, టమాట, చెఱకు తొలుచు పురుగులకు ట్రైకోగ్రామా కిలోనిస్ అను జాతిని వాడుదురు. వరికి హెక్టారునకు ఒక్కసారికి 1 లక్ష చొప్పున, అనగా ఎకరమునకు రెండు కార్డులు, వారమునకొకసారి అయిదారు పర్యాయములు విడువవలెను.

కార్డును పొలమునకు చేర్చుటలోనే అసలు కష్టము. ఒకానొక సంఘమువారు కార్డులను తెప్పించి, గుమాస్తా సెలవులో నుండగా, కాగితపు పొట్లముతోనే బీరువామీద పెట్టి మరచిపోయిరి. నాలుగవనాడు పొట్లము విప్పిచూడగా ఈగలన్నియు లోపలనే పుట్టి చచ్చియుండెను. మరియొక రైతు వానిని మధ్యాహ్నపు టెండలో సైకిలు వెనుక కట్టుకొనిపోయెను. గ్రుడ్లు ఎండి రాలిపోయినవి. ఇటువంటి అనుభవములవలననే "ఈ కార్డులు పనికిరావు" అను మాట వ్యాపించినది. చల్లని పెట్టెలో, పది డిగ్రీల వేడిమియందు, కార్డును రెండు వారములవరకు ఆపియుంచవచ్చును. ఈగలు వెలువడుటకు ముందునాటి సాయంకాలము పొలమునకు తీసికొనిపోయి, ముక్కలుగా కత్తిరించి, గ్రుడ్లున్న ముఖము క్రిందికి ఉండునట్లు ఆకు అడుగున గుచ్చవలెను. చీమలు ఎక్కకుండ చూడవలెను. ఈ యీగ దూరము పోలేదు, ఏడెనిమిది గజములు మాత్రము తిరుగును. కనుక ఎకరమునకు ఇరువది ముప్పది చోట్ల ముక్కలు పెట్టుట మంచిది. వారము ముందుగాని, వారము తరువాతగాని విషపుమందు చల్లరాదు. విత్తనమునకు పట్టించిన మందువలన భయము లేదు.

ఇతర దేశముల అనుభవము

శత్రువును శత్రువుచేత కొట్టించు ఉపాయము మన గోరవంకతోనే ప్రపంచమునకు మొదలైనదన్నచో ఆశ్చర్యము కలుగును. 1762లో మారిషస్ ద్వీపమున మిడతల బాధ హెచ్చగా మన దేశమునుండి గోరవంకలను కొనిపోయి అచ్చట విడిచిరి. ఒక దేశమునుండి మరొక దేశమునకు ఇట్లు తీసికొనిపోబడిన మొదటి ప్రాణి అదియే యందురు. అమెరికాలోని కాలిఫోర్నియా నారింజతోటలను దూదివంటి పిండిపురుగు ఒకటి మూలమట్టముగా నాశనము చేయుచుండగా, 1888లో కోబెల్ అను నతడు ఆస్ట్రేలియాకు పోయి ఒక అక్షింతల పురుగును పట్టి పంపెను. ఏడాది తిరుగకమునుపే తోటలు తేరుకొన్నవి. ఆ పిండిపురుగే 1928లో మన నీలగిరులలో కనబడినప్పుడు అదే అక్షింతల పురుగును ఇక్కడికిని రప్పించిరి.

మన వృద్ధులలో కొందరు నాగజెముడు కథ వినియుందురు. దక్షిణదేశమున వేలకొలది ఎకరములను ఆక్రమించిన ఆ ముళ్లపొద, 1926లో సింహళమునుండి తెచ్చిన ఒక చిన్న ఎఱ్ఱని పురుగువలన కొద్ది సంవత్సరములలోనే మాడిపోయి, దున్నుటకు యోగ్యమైన భూమి బయటపడినది. ఇటీవల 2008లో కోయంబత్తూరు ప్రాంతమున పుట్టిన బొప్పాయి పిండినల్లి బొప్పాయి, మందార, మల్బరీ తోటలను పాడుచేయగా, 2010లో పోర్టోరికోనుండి అసెరోఫేగస్ అను బుల్లి ఈగను బెంగుళూరి పరిశోధనాలయమువారు తెప్పించి విడిచిరి. మందులతో లొంగని పిండినల్లి దానికి లొంగినది. 2016 మొదలు కొబ్బరిని పట్టిన సర్పిలాకార తెల్లదోమ విషయమున గోదావరి తీరమున నేర్చుకొన్న పాఠము గూడ ఇదియే: దానివెంట ఎన్‌కార్సియా యను ఈగ తనంతట తానే వచ్చినది, చెట్టుమీద మందు చల్లినచోట మాత్రము ఆ ఈగ చచ్చి తెల్లదోమ మిగిలినది.

ఇది వినగానే, ఎచ్చటి ప్రాణినైనను తెచ్చి విడువవచ్చునని తలచరాదు. 1935లో ఆస్ట్రేలియా చెఱకుతోటల పురుగును తినుటకని తెచ్చిన కప్ప ఆ పురుగును తినక దేశమంతయు వ్యాపించి, నేటికిని వారి ప్రాణమునకు వచ్చుచున్నది. అందువలన విదేశపు మిత్రపురుగును విడుచునది ప్రభుత్వ పరిశోధనాలయములే కావలెను, ఏండ్లకొలది పరీక్షించిన పిమ్మటనే విడువవలెను. మన చేతిలోని పని అంతకన్న సులభమైనది: ఇక్కడనే యున్న మిత్రులను చంపకుండుట, చాలనప్పుడు పెంచి విడుచుట.

సంఘమే ఏల?

ఒక రైతు తన రెండెకరములలో మందు మానివేసి కార్డులు పెట్టెననుకొందము. ప్రక్కవాడు వారమునకొకసారి మందు కొట్టుచున్నాడు. గాలికి మందు ఈ చేనిలోనికి వచ్చి ఈగలను చంపును. అచ్చటినుండి తరుమబడిన పురుగు ఇచ్చటికి వచ్చును. మూడు వారములకు మన రైతు విసిగి తానును పంపు భుజమున తగిలించుకొనును. అదే ఒక చెరువు క్రింది ఆయకట్టు రైతులందరును కలిసి ఒకే వారమున కార్డులు పెట్టి, ఒకే వారమున మందు మానినచో ఫలితము వేరు. పురుగునకు గట్లు లేవు, మిత్రపురుగునకును లేవు.

ఇందుకు నిదర్శనము నాటి ఖమ్మము జిల్లా, నేటి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా, పాల్వంచ మండలములోని పునుకుల గ్రామము. ప్రత్తియు మిరపయు పండించు ఆ గ్రామము మందుల అప్పులలో మునిగియుండెను. 1999లో కొద్దిమంది రైతులు ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో విషపుమందులు మానిచూచిరి. వేసవిలో లోతుగా దున్నుట, మంటలు వేసి రెక్కల పురుగులను ఆకర్షించుట, చేనిచుట్టు ఆముదము, బంతి నాటుట, లింగాకర్షక బుట్టలు పెట్టుట, వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము చల్లుట, ఇవే వారి సాధనములు. మొదటి యేట నవ్వినవారే రెండవయేట వచ్చి చేరిరి. 2004 నాటికి ఊరంతయు విషపుమందులు మానివేసినది. అక్కడ సాలెపురుగులు, పక్షులు తిరిగి వచ్చెనని చూచినవారు చెప్పిరి. దిగుబడి తగ్గలేదు, ఖర్చు తగ్గినది, అదియే వారికి చాలినది. అప్పు తీరుటలో దిగుబడికన్న ఖర్చు తగ్గుదలయే ఎక్కువ పనిచేయుననుట సంఘ లెక్కలు వ్రాయు నాకు ప్రతి సంవత్సరమును కనబడుచున్న విషయము. తరువాతి సంవత్సరములలో మహిళా స్వయంసహాయక సంఘముల ద్వారా ఈ పద్ధతి రాష్ట్రములో చాల గ్రామములకు వ్యాపించినది. పునుకులలో జరిగిన మేలు ఏ మందుది, ఏ ఈగది యని విడదీసి చెప్పలేము. ఊరు కలిసి చేసినదన్నది మాత్రము నిశ్చయము.

మనకింకొక సౌకర్యమున్నది. చాంద్రాయణగుట్టనుండి ఆరాంఘరు మీదుగా కొద్ది క్రోసుల దూరమున రాజేంద్రనగరము. అచ్చట వ్యవసాయ విశ్వవిద్యాలయమును, వరి పరిశోధన సంస్థయును కలవు. 1966లో సస్యరక్షణ శిక్షణాలయముగా ప్రారంభమై 2008లో జాతీయ సస్య ఆరోగ్య యాజమాన్య సంస్థయైన విద్యాస్థానమును అచ్చటనే యున్నది. ఇందు మిత్రపురుగులను రైతు తన యింటనే పెంచుకొను పద్ధతులు నేర్పుచున్నారు. కోర్సైరా పెంచుటకు కావలసినది నూకయైన జొన్న, మూతగల పెట్టెలు, చీమలు రాని ఒక గది. ప్రతి రైతును ఇది చేయవలెననుట వెఱ్ఱి. సంఘమునకొకటి చొప్పున ఒక గది యుండి, శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు యువతీయువకులు దానిని చూచుకొనినచో, కార్డు పుట్టిననాడే పొలమునకు చేరును. బీరువామీద చచ్చు బాధ తప్పును. ఎవరిది ఎన్ని ఎకరములు, ఎవరు ఎప్పుడు నాటిరి యన్న లెక్క సంఘమువద్ద ఎటులును ఉన్నదే గదా.

కొనవలసి వచ్చినచో సంఘము మూలమున కొనుట మేలు. వైరసు, బ్యాక్టీరియా, ట్రైకోడెర్మా వంటి సూక్ష్మజీవుల మందులకు 1968 నాటి క్రిమిసంహారకముల చట్టము క్రింద నమోదు సంఖ్య యుండవలెను. సీసామీద ఆ సంఖ్య, తయారైన తేది, గడువు తేది, గ్రాములో ఎన్ని జీవకణములున్నవో ఆ లెక్క చూడక డబ్బు ఈయరాదు. ఇవి ప్రాణమున్న సరకులు, రేకు కొట్టులో ఎండకు ఉడికినవి మట్టితో సమానము. "జీవసంబంధమైనది" అను పేరుతో లోపల విషపుమందు కలిపి అమ్మువారును కలరు. చల్లిన మరునాడే పురుగు రాలిపోయెనన్నచో అనుమానింపవలసినది.

ఈ యేటికి కూరగాయల రైతులు చేయదగినది

టమాట వేయువారు పదునారు వరుసలకు ఒక వరుస బంతి నాటవలెను. బంతినారు నలువది దినములది, టమాటనారు ఇరువది యైదు దినములది అయినచో రెండును ఒక్కసారి పూతకు వచ్చును. శనగపచ్చ పురుగు తల్లి బంతిపువ్వును చూచి అచ్చట గ్రుడ్లు పెట్టును. ఆ వరుసమీదనే వైరసు చల్లుకొనవచ్చును. బతుకమ్మ, దసరా పండుగలకు పూలు అమ్ముడుపోవును గనుక వరుస పోయినదన్న చింతయు లేదు. గోబి రైతులు ప్రతి యిరువది యైదు వరుసలకు ఆవాలు రెండు వరుసలు వేయుదురుగాక. డైమండు మచ్చల పురుగునకు ఆవాలనిన ప్రీతి. చేనిచుట్టు అలసంద, కొత్తిమీర, ప్రొద్దుతిరుగుడు ఉన్నచో, పువ్వుల తేనెను త్రాగి మిత్రపురుగులు ఎక్కువ దినములు బ్రతుకును. ఆకుకూరల మడులగట్టున రెండు బెత్తెల వెడల్పున కొత్తిమీర పూతకు వదలినను చాలును. వరి నాటువారు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచి, నారుకొనలు త్రుంచి నాటినచో, కాండము తొలుచు పురుగు ఆ కొనలమీద పెట్టిన గ్రుడ్లు అక్కడనే పోవును.

బార్కసు వైపు జామతోటలకును, ద్రాక్ష వేసినవారికిని పిండినల్లి పెద్ద బాధ. దీనికి క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగు కలదు. 1898లోనే ఆస్ట్రేలియానుండి మన దేశమునకు వచ్చినది. ద్రాక్షలో తీగకు పది చొప్పున విడువవలెను. దాని పిల్ల తెల్లని పిండి కప్పుకొని పిండినల్లివలెనే కనబడును గనుక మోసపోయి చంపుదురేమో జాగ్రత్త. పిండినల్లికన్న వడిగా ప్రాకుచు దానిని కొఱుకునది ఈ మిత్రుడు. మొదట చెట్టు మొదట చీమలను అడ్డగించవలెను. పిండినల్లి విడుచు తీపిరసమునకై చీమలు దానికి కావలి కాయును, అక్షింతల పురుగును తరిమివేయును.

ఇవి అన్ని చోట్లను గెలుచునని నేను చెప్పను. నగరపు ప్రక్కన ఏప్రిల్, మే మాసముల యెండలకు కార్డులు నిలువవు. రసము పీల్చు తామరపురుగు మిరపను ముంచెత్తినప్పుడు, 2018 తరువాత మొక్కజొన్నలో కత్తెర పురుగు సుడిలోనికి చొచ్చినప్పుడు, మిత్రపురుగులను మాత్రమే నమ్మి చూచుచు కూర్చుండుట ప్రమాదము. ప్రత్తిలో బీటీ విత్తనము వచ్చినపుడు కాయ తొలుచు పురుగు బాధ తగ్గినది. గులాబి రంగు పురుగు మరల తల యెత్తినది. లెక్కకు మించి పురుగు పెరిగినప్పుడు మందు వాడవలసినదే. అప్పుడైనను వ్యవసాయాధికారిని అడిగి, మిత్రులకు తక్కువ హాని చేయు మందును, పురుగున్న భాగముమీదనే, సాయంకాలము వాడవలెను. తేదీలు చూచి వారమునకొకటి చొప్పున చల్లుట మాత్రము మానవలెను.

లెక్క యనునది ఇట్లు. ఎకరమునకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టి ప్రతి ఉదయమును పడిన రెక్కల పురుగులను లెక్కించి ఒక చీటిమీద వ్రాయవలెను. సంఖ్య పెరుగ నారంభించిన దినమే కార్డు పెట్టవలసిన దినము. చేనిలో మూలమూలల తిరిగి ఇరువది మొక్కల ఆకులను త్రిప్పి చూడవలెను. అందు కనబడిన గ్రుడ్లలో ఎన్ని నల్లబడినవో వేరుగా వ్రాయవలెను. కార్డు పెట్టిన అయిదవనాడు మరల అవే మొక్కలను చూచి, నల్లగ్రుడ్లు సగమునకు మించినచో మందు జోలికి పోవలసిన పని లేదు. ఆ చీటీలను నెలాఖరున సంఘ కార్యాలయమునకు పంపినచో, వచ్చు పంటకు ఎన్ని కార్డులు, ఏ వారమునకు కావలెనో ముందుగా తెప్పించి యుంచుటకు వీలగును. చీటిమీద పేరు, సర్వే నంబరు, పంట, నాటిన తేది, పురుగుల సంఖ్య, నల్లగ్రుడ్ల సంఖ్య యుండిన చాలును.